బట్టీ పట్టే ముందు కాడ్‌ని కలవండి

నరసరావుపేటలో బీటెక్ చదువుతూనో, మాచర్ల, గురజాలల్లో ఇంటి దగ్గరుండి జాబ్ వెతుక్కుంటూనో ఎస్‌క్యూఎల్ సర్టిఫికేషన్‌కి ప్రిపేర్ అవుతున్నారా? అయితే ప్రైమరీ కీ, ఫారిన్ కీ, థర్డ్ నార్మల్ ఫామ్ అంటూ రోజూ బట్టీ పడుతూనే ఉంటారు. నేనూ అలాగే పట్టాను. మొదటి ఇంటర్వ్యూలో ‘నార్మలైజేషన్ ఎందుకు?’ అని అడిగితే నోరు పెగల్లేదు. ఆ ‘ఎందుకు’కి జవాబు ఒక మనిషి జీవితంలో ఉంది. ఆయన ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్.

1923 ఆగస్టు 19న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. అమ్మ స్కూల్ టీచర్. స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీలో చేరారు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. 1942 నుంచి నాలుగేళ్లు రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా పనిచేశారు. తిరిగొచ్చి, కెమిస్ట్రీ వదిలి మ్యాథ్స్‌కి మారి, 1948లో డిగ్రీ పూర్తిచేశారు. రెజ్యూమెలో ఏడాది గ్యాప్ వచ్చిందని దిగులు పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

1949లో న్యూయార్క్‌లో ఐబీఎంలో ప్రోగ్రామర్‌గా చేరారు. సెనేటర్ మెకార్తీ రాజకీయాలు నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయి, కొన్నేళ్లకు మళ్లీ అమెరికా వచ్చారు. 1965లో మిచిగన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ అందుకునేసరికి వయసు నలభై దాటింది. అసలు పని మొదలైంది ఆ తర్వాతే.

అప్పటి డేటాబేస్‌లలో రికార్డులు చెట్టు కొమ్మల్లానో, గొలుసు లింకుల్లానో ఉండేవి. ఒక వివరం కావాలంటే ప్రోగ్రామరే దారి పట్టుకుని ఒక్కో రికార్డు దాటుకుంటూ వెళ్లాలి. అమరిక మారితే ప్రోగ్రామ్ మళ్లీ రాయాల్సిందే. 1970 జూన్‌లో కాడ్ ఒక పేపర్ అచ్చేశారు. డేటాని టేబుళ్లలా చూద్దాం, ఏం కావాలో మనం చెబుదాం, ఎలా వెతకాలో సిస్టమే చూసుకుంటుంది అన్నది దాని సారం. మీరు రాసే సెలెక్ట్‌లో దారి చెప్పకుండా షరతులు మాత్రమే ఎందుకు చెబుతారో ఇప్పుడు అర్థమైందా?

నార్మలైజేషన్‌కి మన ఊరి ఎరువుల కొట్టు చాలు. ప్రతి బిల్లు మీదా రైతు పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాస్తున్నారనుకోండి. నంబర్ మారితే పాత బిల్లులన్నీ దిద్దాలి. ఒక్కటి మరిచిపోతే ఒకే రైతుకి రెండు నంబర్లు. అదే రైతుల వివరాలు ఒక టేబుల్‌లో, బిల్లులు మరో టేబుల్‌లో పెట్టి, బిల్లులో రైతు ఐడీ మాత్రం రాస్తే? ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. ఆ ఐడీ రైతుల టేబుల్‌లో ప్రైమరీ కీ, బిల్లుల టేబుల్‌లో ఫారిన్ కీ. రెండూ కలిపి చూడాలంటే జాయిన్.

ఇంత మంచి ఆలోచనని సొంత కంపెనీ వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. ఐబీఎంకి అప్పటికే ఐఎంఎస్ అనే పాత తరహా డేటాబేస్ ఉంది, దాని మీద వ్యాపారం నడుస్తోంది. కాడ్ వెనక్కి తగ్గలేదు. పేపర్లు రాస్తూ, సభల్లో వాదిస్తూనే ఉన్నారు. ఆ పేపర్ ఆధారంగా ఐబీఎంలోనే చాంబర్లిన్, బాయిస్ తయారుచేసిన భాషే నేటి ఎస్‌క్యూఎల్ అయింది. కానీ దాన్ని ముందుగా మార్కెట్‌కి తెచ్చింది 1979లో ఒరాకిల్. ఐబీఎం ప్రోడక్ట్ 1981లో వచ్చింది. అదే ఏడాది కాడ్‌కి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో కన్నుమూశారు.

వేల రూపాయలు ఎగ్జామ్ ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. తెలిసిన కొట్టులో ఖాతా పుస్తకం అడిగి తీసుకోండి. కాగితం మీద దాన్ని టేబుళ్లుగా విడగొట్టండి. ప్రతి గీత దగ్గరా ‘ఎందుకు?’ అని మిమ్మల్ని మీరే అడగండి. డంప్స్ బట్టీ పడితే సర్టిఫికెట్ రావచ్చేమో. ఇంటర్వ్యూలో ఆదుకునేది మాత్రం ఆ జవాబే.