లీలండ్ స్టాన్‌ఫర్డ్: అశ్వశాల, వారసత్వం

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరు వినని విద్యార్థి అరుదు. ఆ ఆవరణను అక్కడివారు నేటికీ ముద్దుగా ‘పొలం’ అని పిలుచుకుంటారన్న సంగతి మాత్రం మనలో కొందరికే తెలుసు. ఒకప్పుడది నిజంగా పొలమే. పందెపు గుర్రాలను పెంచిన పొలం. దాని యజమాని లీలండ్ స్టాన్‌ఫర్డ్ జీవితాన్ని, అందునా ఆయన అశ్వపోషణ వృత్తాంతాన్ని పాఠకుల ముందుంచదలచాము.

స్టాన్‌ఫర్డ్ 1824 మార్చి 9న న్యూయార్కు రాష్ట్రంలో జన్మించి న్యాయవాద వృత్తి స్వీకరించారు. 1852లో అగ్నిప్రమాదం ఆయన న్యాయగ్రంథాలను బూడిద చేసింది. ఆ ఏడే కాలిఫోర్నియా చేరి, బంగారు గనులవారికి సరుకులమ్మి ధనవంతుడయ్యారు. 1862, 1863 సంవత్సరాలలో గవర్నరుగా ఉన్నారు. ఖండాంతర రైలుమార్గంలో పశ్చిమభాగాన్ని నిర్మించిన కంపెనీకి అధ్యక్షుడై, 1869 మే 10న చివరి బంగారు మేకును దిగగొట్టారు. ఆ కథ అందరూ చెప్పేదే గనుక ఇక్కడితో విడిచిపెడుతున్నాము.

అమరకోశం గుర్రపు నడకలను ఐదుగా చెబుతుంది. వాటిలో ధౌరితకమన్నదే ఉర్దూవారి దుల్కీ. ముందరి ఎడమకాలు, వెనుక కుడికాలు ఒకేసారి లేస్తాయి. అవి ఆనగానే తక్కిన జంట లేస్తుంది. స్టాన్‌ఫర్డ్ మెచ్చిన బండి పందేలు ఈ నడకలోనే సాగేవి. రెండు చక్రాల తేలిక బండికి కట్టిన గుర్రం ఎంత వేగంగానైనా పోవచ్చు గాని దౌడు అందుకోరాదు; అందుకుంటే సారథి దానిని అదుపుచేసి మళ్లీ దుల్కీలోకి తేవలసిందే. అయితే వేగం మించితే దౌడు తీయడం గుర్రానికి సహజం. ఆ సహజగుణాన్ని మీరి దుల్కీలోనే అతివేగంగా సాగే శక్తి శిక్షణవల్ల అబ్బుతుందా, రక్తంలోనే వస్తుందా? వస్తే తండ్రినుండా, తల్లినుండా? స్టాన్‌ఫర్డ్‌ను చివరిదాకా వెంటాడిన ప్రశ్న ఇదే.

1876లో ఆయన పాలో ఆల్టో వద్ద భూములు కొన్నారు. ఆ ఏడే న్యూయార్కు రాష్ట్రంలో ఎలక్షనీర్ అనే మగగుర్రాన్ని 12,500 డాలర్లకు తీసుకున్నారు. అది ప్రసిద్ధమైన హాంబ్లెటోనియన్ సంతానం. కాని తాను స్వయంగా పందెంలో గెలిచిన కీర్తి దానికి లేదు. స్టాన్‌ఫర్డ్ అంతటితో ఆగక, దౌడు పందేలకే పుట్టిన థరోబ్రెడ్ ఆడగుర్రాలను దానితో కలిపారు. వాటి పిల్లలు దుల్కీ మరచి దౌడు తీస్తాయని అనుభవజ్ఞులు ఆక్షేపించారు. ఆయన లక్ష్యపెట్టలేదు. చిన్న పిల్లలకు నడక నేర్పడానికి పైకప్పు గల ఒక చిన్న వలయమార్గం కట్టించి దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. దూరపు పరుగులతో అలసట కలిగించక, కొద్దిదూరం అతివేగంగా నడిపించి ఆపడం అక్కడి పద్ధతి. 1878లో మైబ్రిడ్జ్ చేత వరుస కెమెరాలతో గుర్రపు నడకను చిత్రాలుగా తీయించినదీ ఈ పొలంలోనే. చలనచిత్ర చరిత్రకారులు దానిని మరువరు.

ఫలితం 1891లో కనిపించింది. డేమ్ విన్నీ అనే థరోబ్రెడ్ తల్లికి ఎలక్షనీర్ వల్ల పుట్టిన పాలో ఆల్టో అనే గుర్రం మైలు దూరాన్ని 2 నిమిషాల 8¾ సెకండ్లలో ముగించింది. సునోల్ అనే ఆడగుర్రం 2 నిమిషాల 8¼ సెకండ్లలో, రెండేళ్ల ఎరియన్ 2 నిమిషాల 10¾ సెకండ్లలో అదే దూరం నడిచాయి. ఈ మూడింటికీ ఎలక్షనీరే తండ్రి. ఎరియన్ 1,25,000 డాలర్లకు అమ్ముడుపోయింది.

2012లో స్వీడన్ శాస్త్రజ్ఞుల నాయకత్వాన జరిగిన పరిశోధనలో డి.ఎం.ఆర్.టి.3 అనే జన్యువులోని ఒక మార్పు గుర్రపు నడకను శాసిస్తుందని తేలింది. నేటి అమెరికా బండి గుర్రాలలో దాదాపు అన్నింటికీ అది ఉంది, థరోబ్రెడ్‌లకు లేదు. అంటే అటువంటి తల్లి కన్న పిల్లకు ఆ మార్పు వస్తే తండ్రినుండే రావాలి. ఆక్షేపించినవారి మాటలో కొంత సత్యముందన్నమాట. అయినా వేగానికి ఒక్క జన్యువే చాలదు. పాలో ఆల్టో దానికి సాక్ష్యం.

ఇక ఒక విషయం దాచరాదు. గుర్రాలలో రక్తసమ్మేళనాన్ని లోకులకు వెరవక సమర్థించిన ఈ మనిషి, 1862లో గవర్నరు పదవి చేపడుతూ ఆసియావాసులను తక్కువ జాతిగా చిత్రించి, వారి రాకను అరికట్టాలన్నారు. తరువాత ఆయన రైలుమార్గాన్ని నిర్మించినవారు వేలాది చైనా కూలీలే. అశ్వశాలలో చూపిన విశాలదృష్టి మనుషుల దగ్గర ఎందుకు కొరవడిందో మాకు బోధపడదు.

ఎలక్షనీర్ పుట్టిన 1868లోనే, పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు, స్టాన్‌ఫర్డ్ దంపతులకు ఏకైక పుత్రుడు కలిగాడు. తండ్రి పేరే పెట్టుకున్నారు. 1884 మార్చి 13న ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో, పదహారేళ్లయినా నిండకుండానే, ఆ బాలుడు టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. అశ్వవంశావళులు తరతరాలకూ రాయించుకున్న ఇంట వంశం అక్కడితో నిలిచిపోయింది. మరుసటి ఏడే దంపతులు ఆ పొలాన్ని కుమారుని పేర విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. 1891 అక్టోబరు 1న తలుపులు తెరుచుకున్నాయి. బాలికలకూ మొదటినుండి ప్రవేశముండేది, బోధనా రుసుము లేదు.

1893 జూన్ 21న స్టాన్‌ఫర్డ్ మరణించారు. ఆస్తిపై ప్రభుత్వం దావా వేయగా ధనం స్తంభించింది. భార్య జేన్ ఇంటి ఖర్చుకు కోర్టు అనుమతించిన సొమ్ములోనుండి అధ్యాపకుల జీతాలిచ్చారు. 1896లో సుప్రీంకోర్టు తీర్పు విశ్వవిద్యాలయం పక్షాన వచ్చింది. క్రమంగా గుర్రాలన్నీ అమ్ముడుపోయాయి. ఎర్రరంగు కొట్టం ఒకటి ఈనాటికీ ఆ ఆవరణలో నిలిచి ఉంది. విద్యార్థులు అక్కడ స్వారీ నేర్చుకుంటున్నారు.