కరువులో పొయ్యి ఆరనివ్వని మనిషి

బెలుం గుహలకు పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లులకు తెలిసే ఉంటుంది... మెట్లు దిగీ దిగగానే పైనున్న ఎండా, గాలీ, సందడీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒళ్ళంతా చెమటలు పోస్తాయి. సెలవుల్లో వెళ్ళినప్పుడు మా ఆడపడుచు కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, నా కొంగు గట్టిగా పట్టుకుని, ఈ లైట్లు పోతే మనమేం చేస్తామత్తా అని అడిగాడు.

వాడు అడిగింది గుహ గురించి ఒక్కటే కాదు. ఆ ఏడు వాళ్ళ బోరు ఎండిపోయింది, పంట పోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. పసివాడికెందుకులే అని వాడికేమీ చెప్పలేదు. వాడు మాత్రం బడి నుంచి వచ్చి ఓ మూల కూర్చుంటున్నాడు.

తిరుగు ప్రయాణంలో కోవెలకుంట్ల దాటి ఆళ్ళగడ్డ వైపు వస్తుంటే వాడికి ఉయ్యాలవాడ కథ చెప్పాను. ఆ ఊరి పేరు వినగానే మనకు నరసింహారెడ్డి గుర్తొస్తాడు. నేను చెప్పింది ఆయన గురించి కాదు, అదే ఊరి బుడ్డా వెంగళరెడ్డి గురించి. ఇద్దర్నీ కలిపి రేనాటి సూర్యచంద్రులంటారు. వాళ్ళమీది జానపద గేయాలను పరిశోధించిన తంగిరాల వెంకటసుబ్బారావుగారు తన పుస్తకానికి ఆ పేరే పెట్టారు.

వెంగళరెడ్డిది కలిగిన కుటుంబం. 1847 ఫిబ్రవరి 22న కుంఫిణీవాళ్ళు నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో జనమంతా చూస్తుండగా ఉరితీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్ళ తరబడి వేలాడదీశారు. ఒక్కసారి ఊహించుకోండి... సంతకు పోతూ, పెళ్ళికి పోతూ ఆ దారిన నడిచిన తల్లులు తమ పిల్లల కళ్ళు ఎన్నిసార్లు మూసి ఉంటారో! భయం అలా ఇళ్ళల్లోకి వచ్చి కూర్చున్న కాలం అది.

దానికి తోడు కరువు. 1866లో వానలు లేక, గింజలు కరువై రేనాడంతా అల్లాడిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని ఊళ్ళు వదిలిపోయేవాళ్ళతో దారులు నిండాయి. అప్పుడు వెంగళరెడ్డి తన ధాన్యం బయటికి తీసి, ఉయ్యాలవాడలో గంజి కాయించి పోయించాడు. ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి. పదిమందికీ ఇరవైమందికీ కాదు, రోజూ వేలమందికి! కులం, ఊరు అడక్కుండా ఆకలితో వచ్చినవాళ్ళందరికీ పోశారని జనం చెప్పుకుంటారు.

వంటింట్లో మెలిగే మనకు ఆ లెక్క బాగా తెలుస్తుంది. వేలమందికి గంజి అంటే మాటలా! దంచాలి, నీళ్ళు మొయ్యాలి, కట్టెలు తేవాలి, కలియబెట్టాలి, వడ్డించాలి. ఒక్క మనిషి చేతుల మీద అయ్యే పని కాదది. ఇచ్చింది వెంగళరెడ్డే అయినా, ఆ పొయ్యి వెలిగించి నిలబెట్టింది ఎందరెందరో ఆడవాళ్ళూ మగవాళ్ళూ.

ఆ సంగతి విక్టోరియా మహారాణి దాకా వెళ్ళింది. ఆమె తరఫున ఆయనకు బంగారు పతకం వచ్చింది. ఊరి మనిషిని ఉరితీసిన దొరతనమే అదే ఊరి మరో మనిషికి పతకమిచ్చిందన్నమాట! జనం మాత్రం పతకాన్ని కాదు, గంజిని గుర్తుపెట్టుకున్నారు. దాన్ని పాట కట్టి పాడుకున్నారు. 1876-78 నాటి మహా కరువు కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతును మింగేసింది. అంత జరిగినా పాట పోలేదు. వెంగళరెడ్డి 1900లో కన్నుమూశాడు.

ఈ కథలో పిల్లల పెంపకానికి సంబంధించిన మాట ఏముందంటారా? ఉంది. అమెరికా పరిశోధకురాలు ఎమ్మీ వెర్నర్, హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని దాదాపు నలభై ఏళ్ళు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాల మధ్య పెరిగినవాళ్ళలో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళకు చిన్నప్పటినుంచీ నమ్ముకోదగ్గ పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉన్నారు. తల్లీ తండ్రే కానక్కర్లేదు. అవ్వ కావచ్చు, టీచరమ్మ కావచ్చు, పక్కింటి పిన్నమ్మ కావచ్చు.

రేపు కూడా ఈ పొయ్యి వెలుగుతుంది అన్న నమ్మకం ఉంది చూశారూ, అదే పసివాడికి గుండెధైర్యం. కరువు లేదని వెంగళరెడ్డి ఎవర్నీ మభ్యపెట్టలేదు. కరువులోనే గిన్నె చేతికిచ్చాడు.

ఇంటికొచ్చాక మా ఆడపడుచుతో ఈ మాటే అన్నాను. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ ఏడు పంట రాలేదనీ, అప్పుందనీ, తీర్చడానికి ఏం చేయబోతున్నారో వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పారు. వాడి బడి మాత్రం ఆగదన్నారు. దూడకు నీళ్ళు పెట్టే పని వాడికి అప్పజెప్పారు. ఏమున్నా లేకున్నా, సంగటైనా చారైనా, రాత్రి అందరూ ఒక్కచోట కూర్చుని తినాలని అనుకున్నారు.

బోరులో నీళ్ళైతే పడలేదు. అప్పూ తీరలేదు. కానీ వాడు మూలన కూర్చోవడం మానేశాడట. మొన్న ఫోనులో, దూడకు పేరేం పెట్టాలని నన్నడిగాడు.

కష్టం వచ్చిన ఇంట్లో పిల్లలకు కష్టం కన్నా మౌనమే ఎక్కువ భయం. మీ ఇంట్లోనూ అలాంటి రోజులుంటే, ఉన్న సంగతి నాలుగు మాటల్లో చెప్పండి. చిన్న పనేదైనా చేతికివ్వండి. పక్కన కూర్చుని ఇంత ముద్ద కలిపి పెట్టండి. మన రేనాటి పెద్దాయన చేసిందీ అదే కదా!