గామా పహిల్వాను

పూర్వము మన దేశమున సంస్థానాధీశులు కవులను, గాయకులను పోషించినట్లే మల్లులనుకూడ పోషించుచుండిరి. పేరుపొందిన పహిల్వాను ఒకడు ఆస్థానమున ఉండుట ప్రభువునకు గౌరవము. పండుగలకును, వివాహములకును కుస్తీపోటీలు జరిపించి, ఇరుగుపొరుగు సంస్థానముల మల్లులను ఆహ్వానించుట ఆ దినములలో వాడుక.

పోటీ జరిపించుట సులభమైన పని కాదు. గోదా త్రవ్వించి, రాళ్లు ఏరించి, మన్ను జల్లించి, అందు పసుపు, నూనె, మజ్జిగ కలిపి మెత్తగా చేయింపవలెను. వచ్చిన మల్లులకు విడుదులు చూపి, పాలు, నెయ్యి, బాదముపప్పు లోటు లేకుండ సమకూర్పవలెను. ఉభయులకును సమ్మతుడైన మధ్యవర్తిని నిలుపవలెను. వీటన్నింటికంటె కష్టమైనది మరియొకటి కలదు. ఓడినవాని పక్షమువారుకూడ తీర్పునకు తలయొగ్గి, కలహము లేకుండ ఇండ్లకు పోవునట్లు చూడవలెను. ఇట్టి పోటీల నడుమ పెరిగి, వాటివలననే లోకమున పేరు పొందినవాడు గామా.

అతని అసలు పేరు గులాం మహమ్మదు. 1878లో పంజాబులోని అమృతసర్ ప్రాంతమున జన్మించెను. వారిది కాశ్మీరదేశమునుండి వచ్చి స్థిరపడిన ముస్లిము కుటుంబము. తరతరములుగా మల్లవిద్య వారికి కులవిద్యవంటిది. తండ్రి అజీజు బక్షు పేరుగల మల్లుడు. గామా పసివాడై యుండగనే తండ్రి మరణించెను. పిదప మాతామహుడును, ఆయన తరువాత మేనమామయు పిల్లవానిని చేరదీసి సాము నేర్పిరి. ఇమాం బక్షు అను తమ్ముడును అన్నతోపాటు గోదాలోనే పెరిగెను.

1888లో జోధపురము మహారాజు జస్వంతసింహుడు ఒక వింతపోటీ ఏర్పాటు చేసెను. అందు మల్లులు ఒకరితో ఒకరు పోరాడ నక్కరలేదు. అందరును వరుసలు తీరి నిలిచి బస్కీలు తీయవలెను, అలసినవాడు తొలగిపోవలెను, తుదివరకు నిలిచినవాడు గెలిచినవాడు. దేశపు నలుమూలలనుండి నాలుగువందలకు పైగా మల్లులు వచ్చిరి. వారిలో కండలు తిరిగిన వస్తాదులు కలరు. ఎన్నో పోటీలు గెలిచినవారు కలరు. వారి నడుమ పదియేండ్ల గామా నిలిచెను.

పోటీ ఆరంభమయ్యెను. గడియలు గడచినకొలది ఒక్కొక్కరే ప్రక్కకు తొలగిరి. నూర్లు పోయి పదులు మిగిలిరి. కడకు పదునేనుగురు మాత్రమే మిగిలిరి. ఆ పదునేనుగురిలో గామా ఒకడు! పెద్దలు ఆయాసపడుచుండగా ఆ బాలుడు తడబడక లేచుచు కూర్చుండుచు నుండెను. మహారాజు అది చూచి ఆశ్చర్యపడెను. ఈ ప్రాయమున ఇంత పట్టుదల చూపిన బాలునకే గెలుపు చెల్లవలెనని అతడు నిర్ణయించెను. పోటీనియమమును అక్షరముల ప్రకారము పాటించిన ఆ బహుమతి మరియొకనికి పోయి యుండును. కాని మిగిలిన మల్లులెవ్వరును ఆ తీర్పును కాదనినట్లు కానరాదు. ఆ శ్రమవలన గామా కొన్ని దినములు మంచము దిగలేకపోయెనని చెప్పుదురు.

ఈ వార్త విని దతియా సంస్థానాధీశుడు గామాను తన ఆస్థానమునకు పిలిపించి శిక్షణమునకు ఏర్పాటు చేసెను. నాటినుండి అతని దినచర్య కఠినమయ్యెను. యౌవనమున అతడు ప్రతిదినము మూడువేల దండీలు, అయిదువేల బస్కీలు తీయుచు, నలుబదిమంది తోటి మల్లులతో గోదాలో పెనగులాడుచుండెడివాడని ప్రసిద్ధి. ఆహారమును అందుకు తగినదే: పాలు, నెయ్యి, బాదముపప్పు, మాంసరసము. గామా పెద్ద పొడగరి కాడు. అయిదున్నర అడుగులకు కొంచెము మించిన ఎత్తు. కాని రొమ్ము విశాలము. మెడ దున్నపోతు మెడవలె బలిసి యుండెను. బరువు ఇన్నూరు పౌనులకు చేరువ.

బడోదా నగరపు వస్తుప్రదర్శనశాలలో ఒక పెద్దరాయి కలదు. 1902లో గామా దానిని ఎత్తినట్లు దానిపై చెక్కబడి యున్నది. దాని బరువు పండ్రెండువందల కిలోగ్రాములని చెప్పుదురు. అంత బరువును మానవమాత్రుడు నేలనుండి పూర్తిగా ఎత్తుట నమ్మదగిన మాట కాదు; ఒక అంచున పైకి లేపినను అది గొప్పయే.

ఆ కాలమున హిందూదేశపు మల్లులందరిలో అగ్రగణ్యుడు రహీం బక్షు సుల్తానీవాలా. అతడు ఏడడుగులకు చేరువైన ఆజానుబాహుడు. పదునేడేండ్ల ప్రాయమున గామా అతనితో తలపడెను. కొండముందు కోడెదూడవలె నున్న ఆ కుఱ్ఱవాడు నిమిషములలో నేలకూలునని జనులు తలచిరి. గంటల తరబడి పోరు సాగినను ఎవ్వరి వీపును నేల నంటలేదు. గెలుపోటములు తేలకయే పోరు ముగిసెను. నాటితో గామా పేరు దేశమంతట వ్యాపించెను. 1910 నాటికి రహీం బక్షు ఒక్కడు తప్ప అతనిచే ఓడని ప్రసిద్ధమల్లుడు దేశమున లేడు.

ఆ యేట శరత్కుమారమిత్ర అను ధనికుడైన వంగదేశీయుడు గామాను, ఇమాం బక్షును, మరికొందరు మల్లులను ఇంగ్లాండునకు పంపెను. అప్పుడు మన దేశము పరాయిపాలనలో నుండెను. భారతీయులు బలహీనులని, పిరికివారని పాలకులు ఈసడించు దినములవి. అందుచేత ఈ యాత్ర కొందరు మల్లుల జీవనోపాధికి సంబంధించినదిగా మాత్రమే ఉండలేదు. ఇంటియొద్ద వార్తాపత్రికలు చదువువారు లండనునుండి వచ్చు ప్రతి వార్తకై ఎదురుచూచుచుండిరి.

అచ్చటికి చేరగనే ఆశాభంగమయ్యెను. గామా పొట్టివాడని పోటీలో చేర్చుకొనుటకు నిరాకరించిరి. అప్పుడు అతడు ఒక ప్రకటన చేయించెను. ఎంతటి బరువుగలవారైనను సరే, ఏ ముగ్గురు మల్లులనైనను అరగంటలో పడగొట్టుదునని అందు సవాలు చేసెను. ఇది ఒట్టి డంబమని చాలమంది నవ్విరి; చాలకాలము ఎవ్వరును ముందుకు రాలేదు. తుదకు రోలరు అను అమెరికా మల్లుడు అంగీకరించెను. అతడు వృత్తిచేత వైద్యుడు, చదువుకొన్నవాడు, మంచి బలశాలి. గామా అతనిని మొదటిమారు రెండు నిమిషములలోపల, రెండవమారు పదినిమిషములలోపల వెల్లకిల పడవేసెను. ఆ తరువాత నవ్వినవారు నవ్వు మానిరి. పోటీద్వారము గామాకు తెరువబడెను.

1910 సెప్టెంబరు 10వ తేదీన లండనులో ప్రపంచవిజేత బిరుదమునకు పోరు జరిగెను. బహుమతి ఇన్నూటయేబది పౌనుల ధనమును, జాన్ బుల్ బెల్టు అను పతకపట్టమును. ప్రత్యర్థి పోలండుదేశీయుడైన స్టానిస్లాస్ జిబిస్కో. అతడు గామాకంటె ఎంతో బరువైనవాడు, ఐరోపాలో పేరుమోసినవాడు.

ఇచ్చట పోరాటపద్ధతిని కొంచెము వివరింపవలెను. మన గోదా మెత్తని మట్టితో నుండును. అచ్చట చాపపఱపుపై పోరు. ఆ నియమముల ప్రకారము రెండు భుజములును ఒకేమారు నేల నంటిననే ఓటమి. బోరగిల పడుకొన్నవాడు ఓడినట్లు కాదు. బరువైన మల్లుడు కాళ్లు చేతులు చాచి నేలకు అతుకుకొనినచో వానిని త్రిప్పుట మిక్కిలి కష్టము.

ఆరంభమైన నిమిషములోనే గామా జిబిస్కోను క్రిందికి లాగెను. ఎదిరించి నిలువలేనని గ్రహించిన జిబిస్కో బోరగిల పడుకొని చాపను కరచుకొనెను. గామా అతనిపై నెక్కి తనకు తెలిసిన పట్లన్నియు పట్టెను. ఇటు లాగెను, అటు త్రోసెను. జిబిస్కో కదలలేదు. ఒక గంట గడచెను. రెండు గంటలు గడచెను. చూపరులు విసిగి కేకలు వేయసాగిరి. రెండున్నర గంటలు దాటినపిదప మధ్యవర్తులు పోరు నిలిపి, ఇద్దరును సమానులని చెప్పిరి. మరల సెప్టెంబరు 17వ తేదీన తలపడవలెనని నిర్ణయించిరి. ఆ దినమున గామా వచ్చి నిలిచెను, జిబిస్కో రాలేదు. నియమము ప్రకారము బెల్టు గామాకు లభించెను.

గెలుపు గెలుపే. కాని ప్రత్యర్థి వీపును నేల కంటించి పొందిన గెలుపు కాదది. గామావంటి మల్లునకు ఆ కొరత ముల్లువలె గ్రుచ్చుకొనియే యుండును. ఇతర దేశముల వీరులను ఎందరినో అతడు పోరునకు పిలిచెను. నాడు మల్లరాజుగా వెలుగుచుండిన అమెరికావాడు ఫ్రాంక్ గాచ్ అతనితో తలపడనేలేదు.

స్వదేశమునకు వచ్చినపిదప అలహాబాదులో గామాకును రహీం బక్షునకును తుదిపోరు జరిగెను. చిరకాలము పోరాడి గామా గెలిచి, రుస్తుం-ఎ-హింద్ అను బిరుదము పొందెను. తనకు ఎదురైన మల్లులందరిలో ఎక్కువ బలవంతుడెవరని అడిగినచో, రహీం బక్షు పేరే అతడు చెప్పుచుండెడివాడట. 1922లో ఇంగ్లాండు యువరాజు మన దేశమునకు వచ్చినప్పుడు గామాకు వెండిగద బహూకరించెను.

పదునెనిమిది సంవత్సరములు గడచెను. ఈలోగా జిబిస్కో అమెరికాలో 1921లోను, 1925లోను ప్రపంచవిజేతయై తన పేరు నిలువబెట్టుకొనెను. గామా పాటియాలా ఆస్థానమల్లుడై యుండెను. పాటియాలా మహారాజు భూపేంద్రసింహుడు క్రీడలన్న ప్రాణము పెట్టువాడు; 1911లో ఇంగ్లాండునకు వెళ్లిన భారత క్రికెట్ జట్టునకు నాయకత్వము వహించినవాడు. లండనులో తేలని లెక్కను తన రాజధానిలో తేల్పింపవలెనని అతడు సంకల్పించి జిబిస్కోను ఆహ్వానించెను. ఓడినవాడు వెనుదీయక సముద్రములు దాటి వచ్చుటకూడ మెచ్చదగినదే.

1928 జనవరి మాసాంతమున పోరు నిర్ణయింపబడెను. ఇందుకై విశాలమైన రంగస్థలమును కట్టించిరి. నడుమ మట్టిగోదా, చుట్టును మెట్లుమెట్లుగా ఆసనములు. సంస్థానాధీశులు, ఆంగ్లాధికారులు, పండితులు, రైతులు, దూరగ్రామములనుండి కాలినడకను వచ్చినవారు ఆ స్థలమును నింపివేసిరి. నలుబదివేలమందికి తక్కువ కాకుండ చేరిరని అంచనా.

గామాకు అప్పటికి ఏబదియేండ్లు నిండవచ్చినవి. ఆ ప్రాయమున మల్లులు శిష్యులకు పట్లు నేర్పుచు గోదా గట్టున కూర్చుందురు. వందలమైళ్ల దూరమునుండి వచ్చిన జనులలో ఎందరికో, ముదిమి మీదపడిన వీరుడు తమ కనులయెదుట ఓడునేమోయని భయముండెను. ఇద్దరును గోదాలో దిగిరి. చేతులు కలిపిరి. జనసమూహము నిశ్శబ్దమయ్యెను. జిబిస్కో ముందునకు వంగెను. గామా మెఱుపువలె క్రిందికి దూరి అతనిని ఎత్తి పడవేసెను. జిబిస్కో వీపు మట్టి నంటెను. ఒక నిమిషముకూడ గడువలేదు! రెండున్నర గంటలకు తేలనిది కన్ను మూసి తెరచునంతలో తేలిపోయెను. వెనుక వరుసలలోనివారు పోరు ఆరంభమైనదని గ్రహించుటకు ముందే ముగిసిపోయెను. జిబిస్కో తన ఓటమిని ఒప్పుకొని, గామాను పెద్దపులితో పోల్చి కొనియాడెను.

మరుసటి యేడు పీటర్సన్ అను మల్లుడు వచ్చి, అతడును రెండు నిమిషములు నిలువలేకపోయెను. ఆపై గామాకు ఎదురు నిలుచువారు కరవైరి.

1947లో దేశము విభజింపబడెను. పంజాబు రెండు ముక్కలయ్యెను. ఇరువైపులను రక్తము ప్రవహించెను. గామా లాహోరులో నివసించుచుండెను. అతని వీధిలో హిందూ కుటుంబములు పెక్కు కలవు. ఒకనాడు ఒక అల్లరిమూక వారి ఇండ్లపైకి వచ్చెను. అరువదియేండ్లు దాటిన గామా తన శిష్యులతో వీధిలోనికి వచ్చి అడ్డముగ నిలిచెను. నాయకుడు మీదికి రాగా వానికి ఒక్క చెంపదెబ్బ కొట్టెననియు, దానితో మూక చెదరిపోయెననియు ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. పిదప ఆ కుటుంబములవారికి కొన్ని దినములకు సరిపడు ఆహారపదార్థములిచ్చి, తన ఖర్చుతో సరిహద్దువరకు క్షేమముగ చేర్పించెను. వారి ఇండ్లకు కాపలా కాచిన రాత్రులలో అతనికి చూపరులు లేరు, మధ్యవర్తులు లేరు.

సంస్థానములు అంతరించుటతో మల్లులకు ఆదరువు పోయెను. పోటీలు జరిపించి పోషించు ప్రభువులే లేకపోయిరి. గామా చివరిదినములు వ్యాధితోను, ధనపుటిబ్బందితోను గడచినవి. భారతదేశమునందలి పారిశ్రామికుడు ఘనశ్యామదాస్ బిర్లా అతని స్థితి విని ధనసహాయము చేసెను. సరిహద్దు ఇరుదేశములను వేరు చేసినను, గామా ఎవరివాడను తగవు అభిమానులకు రాలేదు. 1960 మే 23వ తేదీన అతడు లాహోరులో కన్నుమూసెను.

అతని మరణానంతరము 1961లో పాటియాలాలోని మోతీబాగు రాజమందిరమున జాతీయ క్రీడాసంస్థ స్థాపింపబడెను. అచ్చటి ప్రదర్శనశాలలో హస్లీ అను వలయాకారపు బరువు ఒకటి కలదు. దాని తూకము 95 కిలోగ్రాములు. గామా దానిని ధరించి బస్కీలు తీయుచుండెడివాడు.