హరిలావోస్ త్రికూపిస్

హరిలావోస్ త్రికూపిస్ (జూలై 11, 1832 - ఏప్రిల్ 11, 1896) గ్రీస్ దేశానికి చెందిన సుప్రసిద్ధ రాజకీయవేత్త. 1875 - 1895 మధ్యకాలంలో ఏడు పర్యాయాలు ఆ దేశ ప్రధానమంత్రిగా పనిచేశాడు. పార్లమెంటులో మెజారిటీ ఉన్న పక్షానికే ప్రభుత్వాన్ని అప్పగించాలన్న నియమాన్ని రాజు చేత ఒప్పించిన ఘనత ఈయనదే. గ్రీస్‌లో రైలు మార్గాలు విస్తరించింది ఈయన కాలంలోనే. దేశ ఖజానా దివాలా తీసింది కూడా ఈయన హయాంలోనే.

బాల్యం, తొలి ఉద్యోగం

త్రికూపిస్ నాఫ్ప్లియో పట్టణంలో జన్మించాడు. తండ్రి స్పిరిడాన్ త్రికూపిస్ మిస్సొలొంఘీకి చెందిన రాజకీయ నాయకుడు, గ్రీకు స్వాతంత్ర్య సమర చరిత్రకారుడు. ఆయన 1833లో ప్రధానమంత్రిగా కూడా పనిచేశాడు. తల్లి మరొక ప్రముఖ నాయకుడు అలెగ్జాండ్రోస్ మావ్రోకొర్దాతోస్‌కు సోదరి. ఏథెన్స్, పారిస్ నగరాలలో న్యాయశాస్త్రం చదివిన త్రికూపిస్ లండన్‌లోని గ్రీకు రాయబార కార్యాలయంలో చాలాకాలం ఉద్యోగం చేశాడు. బ్రిటిష్ పార్లమెంటరీ విధానంపై ఈయనకు గౌరవం ఏర్పడినది అక్కడే. 1864లో బ్రిటన్ తన అధీనంలోని అయోనియన్ దీవులను గ్రీస్‌కు అప్పగించినపుడు జరిగిన సంప్రదింపులలో పాల్గొన్నాడు. 1866లో కుముందూరోస్ మంత్రివర్గంలో విదేశాంగ మంత్రి అయ్యాడు.

1874 నాటి వ్యాసం

1864 రాజ్యాంగం ప్రకారం ప్రధానమంత్రిని నియమించే అధికారం రాజుది. మొదటి జార్జి రాజు పార్లమెంటులో బలం లేని నాయకులను సైతం ప్రధానులుగా నియమించేవాడు. వారు నిలదొక్కుకొనలేక పడిపోవడం, మళ్ళీ ఎన్నికలు రావడం పరిపాటి అయింది. 1874లో త్రికూపిస్ "కైరీ" అనే పత్రికలో పేరు లేకుండా ఒక వ్యాసం ప్రచురించాడు. తప్పెవరిదని ప్రశ్నించి, అది రాజుదేనని అందులో తేల్చాడు. ప్రభుత్వం పత్రిక సంపాదకుని నిర్బంధించగా, రచయితను తానేనని త్రికూపిస్ ముందుకు వచ్చాడు. దానితో కొద్ది రోజులు జైలులో ఉండవలసి వచ్చింది.

మరుసటి సంవత్సరమే రాజు ఈయననే ప్రధానమంత్రిగా నియమించాడు. 1875 ఆగస్టులో పార్లమెంటును ప్రారంభిస్తూ చేసిన ప్రసంగంలో, మెజారిటీ విశ్వాసం కలిగిన ప్రభుత్వాన్నే నియమిస్తానని రాజు ప్రకటించాడు. ఆ ప్రసంగాన్ని రూపొందించినది త్రికూపిసే. అయితే అంతకుముందే ఈయన నిర్వహించిన ఎన్నికలలో ప్రభుత్వ యంత్రాంగం జోక్యం చేసుకొనలేదు. నాటి గ్రీస్‌లో ఇది అరుదైన విషయం. ఫలితంగా ఈయన పక్షమే ఓడిపోయింది. తాను తెచ్చిన నియమానికి తానే మొదట తలవంచి, కొద్ది నెలలకే పదవి వదులుకున్నాడు.

నిర్మాణాలు, అప్పులు

1882 తరువాత త్రికూపిస్ దీర్ఘకాలం అధికారంలో ఉన్నాడు. అప్పటికి దేశంలో ఉన్న రైలు మార్గం ఏథెన్స్‌ను పిరేయస్ రేవుతో కలిపే చిన్న మార్గమే. ఈయన కాలం ముగిసేనాటికి అది సుమారు 900 కిలోమీటర్లకు పెరిగింది. 6 కిలోమీటర్లకు పైగా పొడవైన కొరింత్ కాలువ పనులు 1882లో మొదలై 1893లో పూర్తయ్యాయి. సైన్యం, నౌకాదళం కూడా పటిష్ఠమయ్యాయి.

వీటన్నిటికీ ధనం విదేశీ అప్పుల నుండి, సామాన్యునిపై వేసిన పన్నుల నుండి వచ్చింది. ప్రత్యర్థి థియొడోరోస్ దెలియాన్నిస్ పన్నులు తగ్గిస్తానని ప్రజలలో ఆదరణ పొందాడు. కానీ అప్పుల భారమంతా త్రికూపిస్‌దే అనడం న్యాయం కాదు. 1885-86లో దెలియాన్నిస్ టర్కీపైకి సైన్యాన్ని సమీకరించగా ఐరోపా అగ్రరాజ్యాలు గ్రీస్ రేవులను దిగ్బంధించాయి, ఖజానా మరింత ఖాళీ అయింది.

దేశ ఎగుమతులలో ప్రధానమైనది ఎండుద్రాక్ష. ఫ్రాన్సులో ద్రాక్షతోటలకు తెగులు సోకినంతకాలం దానికి మంచి గిరాకీ ఉండేది. ఆ తోటలు కోలుకున్నాక 1893లో ధర కుప్పకూలింది. అదే సంవత్సరం డిసెంబరులో త్రికూపిస్ ప్రభుత్వం దివాలా ప్రకటించి, విదేశీ అప్పులపై వడ్డీ చెల్లింపులను భారీగా తగ్గించింది.

చివరి రోజులు

1894లో ఒలింపిక్ క్రీడలను ఏథెన్స్‌లో జరపాలన్న ప్రతిపాదన వచ్చినపుడు, ఖజానాలో సొమ్ము లేదని త్రికూపిస్ వ్యతిరేకించాడు. యువరాజు కాన్‌స్టాంటైన్ ఆ బాధ్యత తీసుకొని విరాళాలు సేకరించాడు. 1895 జనవరిలో పన్నులకు వ్యతిరేకంగా ఏథెన్స్‌లో జరిగిన సభ విషయమై రాజకుటుంబంతో విభేదం ఏర్పడి త్రికూపిస్ రాజీనామా చేశాడు. తరువాతి ఎన్నికలలో తన సొంత నియోజకవర్గం మిస్సొలొంఘీలోనే ఓడిపోయి, రాజకీయాల నుండి విరమించుకొని విదేశాలకు వెళ్ళాడు. ఈయన అవివాహితుడు.

1896 ఏప్రిల్ 10న గ్రీకు యువకుడు స్పిరిడాన్ లూయిస్ మారథాన్ పరుగులో గెలిచి దేశాన్ని ఆనందంలో ముంచెత్తాడు. ఆ మరునాడే త్రికూపిస్ ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో మరణించాడు. 1898లో గ్రీస్ ఆర్థిక వ్యవహారాలు అంతర్జాతీయ పర్యవేక్షణ క్రిందికి వెళ్ళాయి.

కొరింత్ సింధుశాఖ ముఖద్వారాన రియో, అంతిర్రియో పట్టణాల మధ్య వంతెన నిర్మించాలన్న ఆలోచన త్రికూపిస్‌దే. నాటి సాంకేతిక పరిజ్ఞానానికి, నాటి ఖజానాకు అది అందనిది. 2,880 మీటర్ల పొడవైన ఆ వంతెనను 2004 ఆగస్టులో, ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు ప్రారంభించి, దానికి ఈయన పేరు పెట్టారు. దానిని మొదట దాటినది ఒలింపిక్ జ్యోతిని మోసిన క్రీడాకారులు.