కర్షక బాంధవుడు ఆచార్య రంగా

హైదరాబాదు నగరమునకు తూర్పున, పెద్ద అంబర్‌పేటకు చేరువనున్న బాటసింగారమునకు గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు తరలివచ్చినది. అచ్చట మామిడికాయల రాశులకు వేలము జరుగును. సరకు మిక్కుటమైననాడు ధర తగ్గును, కొరవడిననాడు పెరుగును. ఆ ధరలను బట్టి కొందరు రైతులు తోటలు పెంతురు; కొందరు వేరు పంటలకు మరలుదురు. ఏమి పండింపవలెనో తెలుపు పని ఇట్లు ధరకే విడువవలెనా, ప్రభుత్వ ప్రణాళికకు అప్పగింపవలెనా? స్వతంత్ర భారతమున పెద్ద వివాదమైన ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఇచ్చిన తెలుగువాడు ఆచార్య గోగినేని రంగనాయకులు గారు.

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము అభ్యసించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. 1930లో జాతీయోద్యమమున ప్రవేశించిరి. ఆ కాలముననే ప్రపంచమును ఆర్థిక మాంద్యము ఆవరించెను. ధాన్యపు ధర పడిపోయెను; శిస్తు మాత్రము తగ్గలేదు. పంట చేతికి వచ్చినను రైతు అప్పులపాలయ్యెను. శిస్తు తగ్గింపుకై రంగాగారు రైతులను సమీకరించిరి. నిడుబ్రోలులో వారికొక విద్యాలయము స్థాపించిరి. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు ప్రధాన కార్యదర్శియైరి. అంగటి ధర రైతును నిలువున ముంచగలదని ఆయన కన్నులార చూచిరి.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును లక్ష్యముగా తీర్మానించెను. రంగాగారు దానిని ఎదిరించి కాంగ్రెసును వీడిరి. సోవియట్ దేశమున సమష్టి క్షేత్రముల వెనువెంట 1932-33లో ఘోరమైన కరవు వచ్చెను. ఏ చేనికి ఏ విత్తనము తగునో, ఏ వానకు ఏ పని చేయవలెనో సేద్యగాని అనుభవమునకు తెలియును. ఢిల్లీలోని కచేరీకి ఆ జ్ఞానమంతయు చేరదు. రాజాజీతో కలసి స్వతంత్ర పార్టీని నెలకొల్పి, రంగాగారు దానికి అధ్యక్షులైరి. 1967 ఎన్నికలలో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానములు గెలిచెను.

అది ధనికుల పక్షమని విమర్శకులు ఆక్షేపించిరి. సెంటు భూమియైన లేని కూలికి భూస్వామ్యపు హక్కు ఏమి ఇచ్చునని వారడిగిన ప్రశ్న తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఉమ్మడి వ్యవసాయము దేశమున వేరూనలేదు. 1973లో ప్రభుత్వము గోధుమల టోకు వ్యాపారమును స్వాధీనము చేసికొని, మరుసటి సంవత్సరమే విరమించుకొనవలసివచ్చెను. అట్లని ధరను పూర్తిగా అంగటికే విడిచినదియు లేదు. 1965లో వ్యవసాయ ధరల సంఘమును, ఆహార సంస్థను ఏర్పరచి, పండించిన పంటకు కనీసపు ధర నిర్ణయించు మార్గము పట్టిరి. మాంద్యపు దినములలో రైతుకు లేకపోయిన ఆసరా అదియే.

రంగాగారు పిదప మరల కాంగ్రెసులో చేరి, గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1995 జూన్ 9న పరమపదించిరి. మరుసటి సంవత్సరము వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. ధరను అణచిన రైతునకు దారి కనబడదు. ధర కూలినపుడు ఆదుకొనకున్న అతడు మరుపంట వేయలేడు. ఈ రెండును తెలిసినవాడు గనుకనే ఆయన చరిత్ర అర్థశాస్త్ర విద్యార్థికి పఠనీయము.