సూరి భగవంతం గారు

ఈసారి నేను శాస్త్రవేత్త సూరి భగవంతం గారి గురించి రాస్తున్నాను. ఆయన 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా పోయి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు.

వెలుగులోని కణాన్ని ఫోటాన్ అంటారు. దానికి స్పిన్ అనే గుణముంటది. బొంగరం తిరిగినట్టు అనుకున్న, కాదంట, అది పుట్టుగుణమంట. చెదిరిన వెలుగును పరీక్షించి, ఫోటాన్ స్పిన్ 1 అని వాళ్లిద్దరూ 1931లో చూపించారు.

తర్వాత ఆయన ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1989లో చనిపోయారు.

భూమి మనల్ని లాగే బలానికి కూడా గ్రావిటాన్ అనే కణం ఉండొచ్చని, దాని స్పిన్ 2 అని శాస్త్రవేత్తల లెక్క. అది ఇంకా ఎవరికీ దొరకలేదు.

సైన్సు మనకు రాదని కొందరంటారు. పదో తరగతి అయినంక నేను సైన్సే తీసుకుంట. మీరూ భయపడకండి.