మూడో సైగ ఇచ్చిన గారెట్ మోర్గాన్

1877లో అమెరికాలోని కెంటకీలో, బానిసత్వం అనుభవించిన నల్లజాతి దంపతులకు గారెట్ మోర్గాన్ జన్మించారు. చదువు ప్రాథమిక పాఠశాలతోనే ఆగింది. క్లీవ్‌లాండ్ చేరి కుట్టుమిషన్లు బాగుచేస్తూ యంత్రాల గుట్టు తెలుసుకున్నారు. 1916లో ఏరీ సరస్సు అడుగున సొరంగం పేలితే, తాను తయారుచేసిన పొగముసుగు తొడుక్కుని దిగి మనుషుల్ని బయటికి తెచ్చారు. మెచ్చుకోలు ఇతరులకు దక్కింది. ఇది తెలిసి మాకు చాలా కోపం వచ్చింది.

అప్పటి సిగ్నళ్లలో చాలావాటికి ఆగు, వెళ్లు అనే రెండే సైగలు. ఒకవైపు ఆగేలోపే రెండోవైపు బండ్లు దూకేవి. అన్నివైపులా బండ్లను ఆపి, నడిచేవాళ్లను దాటనిచ్చే మూడో సైగతో, చేత్తో తిప్పే స్తంభానికి ఆయన 1923లో పేటెంట్ పొందారు. మూడురంగుల దీపాలు 1920లోనే డెట్రాయిట్‌లో వెలిగాయి కాబట్టి, సిగ్నల్‌ను ఆయనే కనిపెట్టారని మేము రాయడం లేదు.

గ్లాకోమాతో చూపు చాలావరకు పోయింది. 1963లో కన్నుమూశారు.